సరంగు నెత్తిన కుండెడు నీళ్ళు

మొగలిలంకలో లోవమ్మ ఇల్లెక్కడని అడిగితే "ఏ లోవమ్మ?" అని ఎవరూ అనేవారు కాదు. ఆ పేరు గలవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారు గానీ, వాళ్ళ పేరుకి ముందు ఇంటిపేరో మొగుడి పేరో తగిలించాలి. ఒట్టి లోవమ్మ అంటే సారా కుండలు పగలగొట్టిన లోవమ్మే.

గోదావరి వైనతేయ పాయ నడుమ ఉన్న ఊరది. పి.గన్నవరం బస్సు అందుకోవాలన్నా, అరటి గెలలు సంతకి చేర్చాలన్నా పంటు ఎక్కి ఏరు దాటాల్సిందే. రెండు పడవల మీద చెక్కలు పరిచి, ఇంజను బిగించిన ఆ పంటుని నడిపే సరంగు వీరన్న, లోవమ్మ మొగుడు.

లోవమ్మ తండ్రి అప్పన్న కొబ్బరి దింపు పనిచేసేవాడు. తాగనప్పుడు మెత్తని మనిషి. తాగితే మాత్రం ఇంట్లో గిన్నె కూడా నిలవనిచ్చేవాడు కాదు. వీధి గుమ్మంలోంచి అతను "లోవా" అని పిలిచే పిలుపుని బట్టే ఆ సాయంత్రం ఎలా గడవబోతోందో చిన్నప్పుడే ఆ పిల్లకి తెలిసిపోయేది. మొదటి అక్షరం నాలుకకి సరిగ్గా తగిలితే అందరూ కూర్చుని అన్నం తినవచ్చు. మాట ముద్దయి ముక్కులోంచి వచ్చిందంటే తల్లి పొయ్యిమీది ఎసరు దింపేసేది, లోవమ్మ పక్కింటి రాహేలు వాళ్ళ వసారాలోకి పరుగెత్తేది. చివరికి కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి పోయాడు అప్పన్న.

అందుకే పెళ్ళిచూపుల్లో పెద్దవాళ్ళు నోరు విప్పకముందే లోవమ్మ వీరన్నని అడిగేసింది, తాగుతావా అని. అప్పటికతను పంటు మీద మోకులు లాగే పనివాడు.

"కల్లు రెండుసార్లు తాగేనండి. రెండుసార్లూ కక్కేసేను" అన్నాడు.

ఆ జవాబు ఆమెకి నచ్చింది. ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్ళ కాపురంలో ఆ మాట అబద్ధమనిపించే పని అతనెప్పుడూ చెయ్యలేదు. దివ్య పుట్టింది. వీరన్న మోకుల దగ్గర్నుంచి చుక్కాని దాకా వచ్చాడు. తొంభై మూడు వేసవిలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళని వెంటేసుకుని, మొగలి పొదల్లో పాతిన సారా కుండల్ని లోవమ్మ రోకలితో పగలగొడుతుంటే, వీరన్న గట్టు మీద దివ్యని ఎత్తుకుని నిలబడి చూశాడు. ఆ ఏడే ప్రభుత్వం సారా ఆపేసింది. తొంభై అయిదు మొదట్లో మొత్తం మందే ఆపేసింది. అయినా కొందరు ఎదుర్లంక రేవు దాటి యానాం వెళ్ళి తాగి వచ్చేవారు. అది వేరే ప్రభుత్వం కిందిది, అక్కడ దుకాణాలు తెరిచే ఉండేవి. అలాంటివాళ్ళ కోసం మొగలిలంక ఆడవాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తాగి దొరికినవాణ్ణి రేవులో నిలబెట్టి నెత్తిన కుండెడు నీళ్ళు పొయ్యాలి. ఎవరి మొగుడైనా సరే. ఆ చివరి మాట చేర్చింది లోవమ్మే.

ఆ ఏడు వరదలు తీశాక ఒక సాయంత్రం వీరన్న పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, "లోవా, అన్నం పెట్టు" అన్నాడు.

కూర కలుపుతున్న లోవమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆ పిలుపు ముద్దగా, ముక్కులోంచి వచ్చింది. ఆమె ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఊరి ఆడవాళ్ళకి పెద్దదిక్కు. అయినా ఆ క్షణంలో కాళ్ళు వసారా వైపు పరుగు తియ్యబోయాయి. తనని తాను ఆపుకుని, కంచం పెట్టే నెపంతో దగ్గరగా వంగి వాసన చూసింది. డీజిలు వాసన, ఏటి వాసన. అంతే.

మర్నాడు పొద్దున్న అతని మాట మామూలుగానే ఉంది. చలిగాలికి గొంతు పట్టేసి ఉంటుందిలే అనుకుంది. కానీ మూడోనాడో నాలుగోనాడో మళ్ళీ అలాగే అయింది. ఈసారి ఎడమ కంటి రెప్ప సగానికి వాలి ఉంది. రానురాను అతను సాయంత్రాలు మాట్లాడటం తగ్గించాడు. ఇల్లు చేరగానే ఆమె ఇంకా పొయ్యి దగ్గరే ఉండగా ఉన్నదేదో పెట్టుకుని, గోడవైపు తిరిగి తినేసేవాడు. తింటూ తింటూ మధ్యలో చేత్తో గడ్డం పట్టుకునేవాడు. పిలిస్తే పలకకుండా దుప్పటి ముసుగేసేవాడు. చిన్నప్పుడు ఆమె చూసిన దొంగచాటు వ్యవహారమంతా అలాగే ఉండేది. అతను నిద్రపోయాక మొహం మీద మొహం పెట్టి ఊపిరి వాసన చూసేది. ఏమీ ఉండేది కాదు. వాసన రాని మందు కూడా వచ్చిందేమో అనుకునేది.

వీరన్న సంగతి వేరు. అతనికి భయం పట్టుకుంది. పొద్దున్న లేస్తే ఒళ్ళు బాగానే ఉంటుంది. మధ్యాహ్నం దాటేసరికి చుక్కాని బరువెక్కుతుంది. ఎదురుగా ఒక రేవు ఉండవలసిన చోట రెండు రేవులు పక్కపక్కనే కనబడతాయి. ఏది అసలుదో ఒక కన్ను మూసి చూసుకోవాలి. మాట నాలుక మీదే చచ్చిపోతుంది. ముద్ద నమలడం మొదలుపెట్టాక దవడ ఇక నావల్ల కాదంటుంది. ఇదంతా చెబితే రేవుని వేలంపాటలో పాడుకున్న ఆంజనేయప్రసాదు గారు పంటు తన చేతికివ్వరు. అందుకని ఇంట్లో కూడా చెప్పలేదు.

ఒకరోజు రాహేలు నీళ్ళ బిందె దించి, అరుగు మీద కూర్చుంది.

"లోవా, నేను చెప్పకపోతే ఇంకెవరో చెప్తారే. మీ ఆయన్ని మొన్న యానాంలో చూసేరంట."

"ఎవరు చూసేరు?"

"చూసినోళ్ళు తాగడానికెళ్ళినోళ్ళే, ఆళ్ళ పేర్లెందుకులే. కానీ చూసేరంటే చూసేరు."

 మొన్న అతను గన్నవరంలో ఇంజను సామాను కొనుక్కొస్తానని వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం పంటు రేవులో ఆగి ఉండగా, వీరన్న టీకి వెళ్ళడం చూసి ఆమె ఇంజను పక్క చెక్కలెత్తి వెతికింది. నూనె గుడ్డల కింద చేతికి ఏదో గట్టిగా తగిలింది.  బయటికి తీస్తే అది సీసా కాదు, కళ్ళజోడు పెట్టె. లోపల కొత్త కళ్ళజోడు, యానాం దుకాణం పేరున్న గుడ్డ.

దాన్ని ఉన్నచోటే పెట్టి ఇంటికొచ్చింది. తాగడానికి వెళ్ళినవాడు కళ్ళజోడెందుకు కొంటాడు, కళ్ళజోడు కొన్నవాడు దాన్నెందుకు దాస్తాడు అని ఆలోచిస్తూ కూర్చుంది. సాయంత్రం నెమ్మదిగా అడుగుదామనుకుంది. ఆ అవకాశం రాలేదు.

ఆ సాయంత్రం చివరి పంటు, జనంతో, పాలక్యాన్లతో వస్తూ, రేవుకి పైనున్న ఇసక మేట ఎక్కేసింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మోకాలి లోతు నీళ్ళలో దిగి అందరూ ఒడ్డుకి నడిచి వచ్చారు. అయితే వస్తూ వస్తూ వీరన్నని జబ్బ పట్టుకుని తీసుకొచ్చారు. "పిల్లలతో ఉన్నాం, ఏటిలో ముంచేసుండేవోడు" అంటోంది ఒకావిడ. "ఆ కళ్ళు చూడండి, ఆ మాట చూడండి" అన్నాడు ఇంకొకడు. వీరన్న నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయాడు. మాటలు ఒకదాన్నొకటి అంటుకుని అన్నం మెతుకుల్లా బయటపడ్డాయి. నవ్వబోయాడో ఏడవబోయాడో గానీ పై పెదవి మాత్రం లేచి, పళ్ళు బయటపడి, కుక్క గుర్రుమన్నట్టుంది మొహం. చూసినవాళ్ళు వెనక్కి తగ్గారు.

జనమంతా లోవమ్మ వైపు చూశారు. ఎవరో కుండ తెచ్చి ఆమె కాళ్ళ దగ్గర పెట్టారు.

లోవమ్మ అతని దగ్గరికి వెళ్ళింది. అందరిముందూ వాసన చూసింది. ఏమీ లేదు. ఆ మాటే పైకి అంది.

"మీ ఆయన గనక వాసన రాలేదంటావా?" అంది జనంలోంచి ఒక గొంతు.

అదే మాట ఇంకొకరి పెళ్ళాం అని ఉంటే తను కూడా అలాగే అడిగి ఉండేది. ఎవరి మొగుడైనా సరే అన్నది తనే. లోవమ్మ కుండ ముంచి, రెండు చేతులతో ఎత్తి, వీరన్న నెత్తిన పోసింది. కార్తీకమాసపు సాయంత్రం ఏటి నీళ్ళు, ఎముకలు కొరికే చలి. వీరన్న కదల్లేదు. రాహేలే తడిపిన తువ్వాలొకటి అతని మొహాన వేసి గట్టు మీద కూర్చోబెట్టింది. కాసేపటికి అతను తువ్వాలు తీసేసరికి వాలిపోయిన రెప్ప కాస్త లేచి ఉంది.

"చూసేరా, దిగింది" అన్నారు జనం. ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

ఇంటికొచ్చి వీరన్న దుప్పటి ముసుగేశాడు. తెల్లవారాక లోవమ్మ పెరట్లో పళ్ళు తోముకుంటుంటే వెనక నుంచి వీరన్న గొంతు వినబడింది.

"లోవా, నేను తాగలేదే."

ఒక్కొక్క అక్షరం విడివిడిగా, గట్టిగా ఉంది. లోవమ్మ వెనక్కి తిరిగింది. అతని రెండు కళ్ళూ నిండుగా తెరుచుకుని ఉన్నాయి. రాత్రి తాగినవాడి పొద్దు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. తండ్రి కళ్ళు ఎర్రగా, మాట బొంగురుగా, చేతులు వణుకుతూ ఉండేవి. ఇది అది కాదు. తాగుడు ఎక్కడైనా పొద్దున్నకి ఇలా కడిగినట్టు పోతుందా?

"మరి యానాం ఎందుకెళ్ళేవు?"

"కళ్ళ డాక్టరు దగ్గరికి. రెండు రేవులు కనబడతన్నాయే నాకు. జోడు ఇచ్చేరు. పెట్టుకున్నా రెండే కనబడతన్నాయి."

అప్పుడు మొత్తం చెప్పాడు. ముద్ద నమలలేకపోవడం, నీళ్ళు తాగితే ముక్కులోంచి రావడం, గోడవైపు తిరిగి తినడం అందుకేనని. లోవమ్మ నోట్లో నురగతో అలాగే నిలబడి వింది. విన్నాక నోరు కడుక్కుని, "పద" అంది.

గన్నవరంలో ఆర్.ఎం.పి. ప్రకాశరావు గారు అంతకుముందు వీరన్నకి బలానికి సూదులు పొడిచిన మనిషే. ఈసారి లోవమ్మ చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. "పొద్దున్న బాగుండి సాయంత్రానికి దిగజారిపోతందంటే ఇది నా సూదులకి లొంగేది కాదమ్మా. కాకినాడ పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుగారు గంగాధరరావుగారని ఉన్నారు. ఆయనకి చూపించండి. పొద్దున్న కాదు, మధ్యాహ్నం దాటేక కనబడండి. ఆ రూపమేదో ఆయన కూడా చూడాలి కదా" అన్నారు.

దివ్యని రాహేలు దగ్గర వదిలి ఇద్దరూ బయల్దేరారు. ముక్తేశ్వరంలో గౌతమి దాటే పంటు ఎక్కినప్పుడు వీరన్న ఆ సరంగు చేతులవైపే చూస్తూ కూర్చున్నాడు. కోటిపల్లి రేవు దగ్గర పడుతుంటే ఒక కన్ను మూశాడు. లోవమ్మ చూసి, చూడనట్టు అతని చేతి మీద చెయ్యి వేసింది.

గంగాధరరావు గారు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. వీరన్నని ఎదురుగా కూర్చోబెట్టి పైకప్పు వంక రెప్ప వాల్చకుండా చూడమన్నారు. చూస్తూ చూస్తూ ఉండగానే రెప్పలు తెరల్లా దిగిపోయాయి. ఒకటి నుంచి పైకి అంకెలు చదవమన్నారు. మొదటి పది అంకెలు గంటకొట్టినట్టు వచ్చాయి, ఇరవై దాటేక ముక్కులోకి దిగాయి, ముప్పై దగ్గర ఏ అంకె చెబుతున్నాడో లోవమ్మకి కూడా తెలియలేదు. ఆ పిలుపు, ఆ ముద్ద మాట, తన కళ్ళెదుటే, చుక్క తాగకుండానే తయారవడం చూసింది ఆమె. డాక్టరుగారు నర్సుకి ఏదో చెప్పారు. సూది వేశారు.

"ఇక్కడే కూర్చోండి. కాసేపు చూద్దాం" అని ఇంకో రోగి వైపు తిరిగారు.

వీరన్న బల్ల మీద తల వంచుకుని కూర్చున్నాడు. లోవమ్మ అతని మొహాన్నే చూస్తోంది. పావుగంట గడిచిందో లేదో, ఎడమ రెప్ప కొంచెం కదిలినట్టయింది. తన భ్రమ అనుకుంది. మళ్ళీ చూస్తే నల్లగుడ్డు సగం బయటపడింది. ఆ తర్వాత కుడిది. ఎవరో లోపల్నుంచి తాళ్ళు లాగుతున్నట్టు రెండు రెప్పలూ మెల్లగా పైకి పోయాయి. వీరన్న తల ఎత్తి, కిటికీ వంక, గోడ మీద గడియారం వంక, చివరికి ఆమె వంక చూశాడు.

"లోవా, నువ్వు ఒక్కదానివే కనబడతన్నావే" అన్నాడు.

మాట సాఫుగా వచ్చింది. అతనికే నమ్మకం కుదరక ఆమె పేరు మరో రెండుసార్లు పలికాడు. లోవమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్క మంచాల వాళ్ళు ఏమయిందోనని లేచి చూశారు. ఏడుస్తోందనుకుని నర్సు మంచినీళ్ళు తెచ్చింది. ఏడుపు కాదది. అన్నాళ్ళు గుండె మీద కూర్చున్నదేదో లేచి వెళ్ళిపోతుంటే ఊపిరి అలా వచ్చింది.

"ఆకలేస్తందండి" అన్నాడు వీరన్న డాక్టరుగారితో.

"తినవయ్యా. ఇప్పుడు నమలగలవు" అన్నారాయన, మొదటిసారి నవ్వుతూ.

ఆసుపత్రి గేటు దగ్గర గారెలు కొనుక్కొచ్చింది లోవమ్మ. వాటిని అతను మధ్యలో దవడ పట్టుకోకుండా చివరిదాకా నమిలి తినడం బల్ల పక్కన నిలబడి చూసింది.

రోగులు పలచబడ్డాక డాక్టరుగారు ఇద్దర్నీ పిలిచారు. "ఏం పని చేస్తావు?" అని అడిగారు. పంటు సరంగునని చెప్పాడు వీరన్న.

"అయితే నీకు చెప్పడం తేలిక. చుక్కాని తిప్పమని మెదడు చెయ్యికి కబురు పంపిస్తుంది. ఆ కబురు నరం వెంబడి కరెంటుగా వెళ్తుంది. తీగలో కరెంటు లాంటిది కాదు. నరం గోడకి కంటికి కనబడనంత చిన్న తలుపులుంటాయి. ఒక చోట తలుపు తెరుచుకుంటే, మనం తినే ఉప్పులో ఉండే సోడియం లోపలికి దూసుకొస్తుంది. అక్కడ కరెంటు పుడుతుంది. అది పక్క తలుపుని తెరుస్తుంది, అది ఆ పక్కదాన్ని. అలా రెప్పపాటులో కొసదాకా పోతుంది. అర్థమయిందా?"

"ఆయ్" అన్నాడు వీరన్న.

"నీకు అక్కడిదాకా అంతా బాగానే ఉంది. నరం కొసకీ కండకీ మధ్య ఒక సందు ఉంది. మీ ఏరనుకో. కరెంటు దాన్ని దూకలేదు. అందుకని నరం కొసన చిన్న చిన్న సంచుల్లో ఒక రసాయనం నిలవుంటుంది. కరెంటు వచ్చి తగలగానే సంచులు తెరుచుకుని ఆ రసాయనం సందులోకి పడి అవతలి గట్టు చేరుతుంది. అవతల కండ మీద దాన్ని అందుకునే రేవులుంటాయి. రేవు పడితేనే కండ కదులుతుంది. నీకు పాడయింది ఆ రేవులు."

"ఎవరు పాడు చేసేరండి?" అంది లోవమ్మ.

"ఒంట్లోకి రోగం రాకుండా కాపలా కాసేవాళ్ళుంటారమ్మా. వాళ్ళే పొరపాటుపడి, ఇవి శత్రువులవనుకుని పాడు చేస్తున్నారు. ఎందుకలా అవుతుందో మాకూ పూర్తిగా తెలియదు."

"మరి పొద్దున్న బాగుండి, సాయంత్రానికి బాగోదేంటండి?"

"పనిచేసేకొద్దీ ఆ సంచుల్లోంచి ఒక్కోసారికి పడే సరుకు తగ్గుతుంది. అందరికీ తగ్గుతుంది, నాకూ తగ్గుతుంది. మన రేవులు బోలెడు కాబట్టి తెలియదు. ఇతనికున్నవి కొద్ది. సరుకు తగ్గేసరికి కబురు కండకి అందదు. కాసేపు పడుకుంటే మళ్ళీ సరుకు పోగవుతుంది."

సూదిమందు సంగతి కూడా చెప్పారు. పని అయిపోయిన రసాయనాన్ని సందులోంచి ఊడ్చేసే పదార్థం ఒకటుంటుందట. లేకపోతే కండ బిగుసుకునే ఉండిపోతుంది. ఆ ఊడ్చేదాన్ని ఈ మందు కాసేపు ఆపుతుంది. అప్పుడు రసాయనం సందులోనే ఇంకాసేపు తిరిగి, ఖాళీగా ఉన్న రేవు ఎక్కడుందో వెతుక్కుంటుంది.

లోవమ్మ తల వంచుకుని కుండ సంగతి చెప్పింది. కట్టుబాటు, జనం, కార్తీకమాసపు నీళ్ళు, తడి తువ్వాలు. రెప్ప లేచిన సంగతి, దాన్ని జనం ఏమనుకున్నదీ అన్నీ చెప్పింది. డాక్టరుగారు కలం కింద పెట్టారు.

"చలికి ఈ జబ్బులో రెప్ప లేస్తుందమ్మా. కంటి మీద ఐసు పెట్టి చూసే పరీక్ష కూడా ఉంది. చల్లదనానికి ఆ ఊడ్చేది మందగిస్తుంది. నువ్వు తెలియకుండా పరీక్ష చేసేశావు."

"అంటే తాగుడు కాదన్నమాటేనా అండి?"

"కాదు."

"ఇంకోసారి చెప్పండి బాబూ."

"తాగుడు కాదు, దయ్యం కాదు, నటన కాదు. జబ్బు. దీనికి మాత్రలున్నాయి."

వీరన్న అప్పుడు పక్కకి తిరిగి పెళ్ళాంతో అన్నాడు. "ఆ నీళ్ళు పోసినప్పుడు నాకు కాస్త హాయిగానే ఉందే. చెబుదామంటే నోరు రాలేదు."

తిరిగి వచ్చాక లోవమ్మ ఇంటికి వెళ్ళలేదు. సరాసరి రేవులోనే నిలబడింది. సాయంత్రం పంటు కోసం ఊరు సగం అక్కడే ఉంది. వీరన్నకి వచ్చింది నరాల జబ్బని, తను అతని నెత్తిన నీళ్ళు పొయ్యడం తప్పని గట్టిగా చెప్పింది. ఎవరో సన్నగా నవ్వారు. రాహేలు లేచి, "నవ్వినోళ్ళు ఆ మనిషికి ముందు క్షమాపణ చెప్పండి. నేను కూడా చెప్తన్నాను" అంది. ఇసక మేట రోజున కేకలేసినావిడ వచ్చి వీరన్న చేతులు పట్టుకుంది. వీరన్నకి ఇవేవీ అలవాటు లేక, "పరవాలేదండి, పరవాలేదండి" అంటూ పక్కకి తప్పుకున్నాడు. కట్టుబాటు ఆ తర్వాత కూడా ఉంది గానీ, నీళ్ళు పోసే ముందు ఆ మనిషిని పొద్దున్న కూడా ఒకసారి చూడాలని లోవమ్మ చేర్చింది.

ఆంజనేయప్రసాదు గారు వీరన్న అనుకున్నంత కఠినుడు కాదు. సాయంత్రం ట్రిప్పులకి ఇంకొకణ్ణి పెట్టి, పొద్దున్నవి వీరన్నకే వదిలారు. "నువ్వు ముందే చెప్పి ఉంటే మేట తప్పేది కదయ్యా" అన్నారంతే.

మాత్రలు నాలుగేసి గంటలకొకటి. మొదట్లో కడుపులో మెలిపెట్టేది, నోట్లో ఉమ్మి ఊరేది. మోతాదు సరిపడటానికి రెండుమూడుసార్లు కాకినాడ తిరిగారు. పంటు మీద మధ్యాహ్నం గంట కొట్టగానే వీరన్న జేబు తడుముకుంటే, ఎక్కినవాళ్ళు "సరంగుగారు మందేసుకుంటన్నారండోయ్" అనేవారు. మొదటిసారి విన్నప్పుడు లోవమ్మ గుండె ఝల్లుమంది. తర్వాత తనే ఇంటి దగ్గర్నుంచి దివ్య చేత, "నాన్న మందు వేసుకున్నాడో లేదో కనుక్కురా" అని పంపించేది. మందు పేరెత్తితే రోకలి ఎత్తే లోవమ్మ, మొగుడికి వేళకి మందు పట్టిస్తోందని ఊరంతా నవ్వుకుంది. ఆమె కూడా నవ్వింది.

మరుసటి ఏడు విశాఖపట్నంలో ఆపరేషను చేశారు. గుండెకి ముందు, రొమ్ము ఎముక వెనక, ఒక గ్రంథి ఉంటుందట. కాపలావాళ్ళకి తప్పుడు పాఠాలు నేర్పేది అదేమోనని తీసేశారు. అది అప్పటికప్పుడు గుణమివ్వదని ముందే చెప్పారు. నిజంగానే ఏడాది దాకా తేడా ఏమీ లేదు. రెండో ఏడు మాత్రల సంఖ్య తగ్గింది. ఆ మధ్యలో ప్రభుత్వం మందు మీద నిషేధం ఎత్తేసింది. గన్నవరం రోడ్డు మీద దుకాణం తెరిచినరోజు లోవమ్మ అన్నం తినలేదు. ఆ బాధ ఆమెది ఆమెకే ఉంది, దానికి మాత్ర లేదు. అయితే వీరన్న సాయంత్రం ట్రిప్పులు మళ్ళీ మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

రెండు వేల మూడు పుష్కరాలకి పంటు మీద కాలు పెట్టే చోటు లేదు. వీరన్న, రెండో సరంగు వంతులేసుకుని నడిపారు. ఆ రద్దీలోనే ముమ్మిడివరం నుంచి ఒక తల్లి, పెళ్ళీడు కూతుర్ని తీసుకుని, అడుగుతూ అడుగుతూ లోవమ్మ ఇంటికి వచ్చింది. పిల్ల పేరు వీరవేణి. ఒక కంటి రెప్ప వాలి ఉంది. ఎవరో చేతబడి అన్నారట, ఇంకెవరో మొగలిలంక సరంగు పెళ్ళానికి ఈ జబ్బు సంగతి తెలుసన్నారట.

"సాయంత్రానికి ఎక్కువవుతందా?" అంది లోవమ్మ.

"లేదండి. చిన్నప్పట్నుంచీ ఇలాగే ఉంది."

"పొద్దున్న?"

"పొద్దున్నా ఇంతేనండి."

లోవమ్మకి పాలుపోలేదు. తనకి తెలిసింది ఒక్క జబ్బు. పుష్కరాల జనం తగ్గాక వాళ్ళిద్దర్నీ తనే కాకినాడ తీసుకెళ్ళింది. తల బాగా నెరిసిపోయిన గంగాధరరావు గారు పిల్లని పరీక్ష చేసి, అంకెలు చదివించి, చేతులు చాపించి చూశారు.

"ఇది అది కాదమ్మా లోవమ్మా. పుట్టుకతో ఆ రెప్ప ఎత్తే కండ బలహీనంగా ఉంది, అంతే. మాత్రలక్కర్లేదు. కావాలంటే కళ్ళ డాక్టరు చిన్న ఆపరేషనుతో ఎత్తి పెడతారు. లేకపోయినా నష్టం లేదు."

తల్లి అక్కడే నేల మీద కూలబడి దణ్ణం పెట్టింది. పిల్ల మాత్రం, "నేను ముందే చెప్పేను, నాకేం లేదని" అంది విసుగ్గా.

బయటికి వచ్చాక ముగ్గురూ బస్సు కోసం చెట్టు కింద నిలబడ్డారు. ఎండ మండిపోతోంది. వీరవేణి ఐస్‌క్రీం బండి చూసి ఆగింది. లోవమ్మ ముగ్గురికీ కొంది. కోటిపల్లి బస్సు వచ్చేదాకా, కారిపోతున్న ఐస్‌క్రీం చేతుల మీదికి రాకుండా తంటాలు పడుతూ, ఆ పిల్లకి ఎక్కడెక్కడ సంబంధాలు చూస్తున్నారో తల్లి చెబుతుంటే వింటూ నిలబడింది.